బ్రాకెట్లో నవ్వులు

దేశాన్ని పట్టి పీడిస్తున్న నాజూకుతనాన్ని మూడు నెలల్లో తుడిచిపెడతామని ఆహార శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. కరువు, కల్తీ, గోదాముల్లో ఎలుకలు వగైరా చిల్లర సమస్యలన్నీ అప్పటికే ప్రకటనల ద్వారా పరిష్కరించేశారు కాబట్టి, వారికి కాస్త తీరిక చిక్కింది.

"గోధుమ పడదంట అధ్యక్షా! అందులో గ్లూటెనంట! మన తాతలు రొట్టెలు తిని బండలు పగలగొట్టారు. వీళ్లు రొట్టె వంక చూసి కడుపు పట్టుకుంటున్నారు!"

సభ పగలబడి నవ్వింది. ప్రతిపక్షమూ నవ్వింది. దేశ ప్రయోజనాల విషయంలో వారు రాజకీయాలు చూడరు.

అధ్యక్షుల వారి పీఠం కింద, చిన్న బల్ల దగ్గర కూర్చుని సభలో పడిన ప్రతి మాటా రికార్డుకి ఎక్కించే ఆవిడ, పక్కన బ్రాకెట్లో 'నవ్వులు' అని రాసింది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఉద్యోగం అదే. ఎవరెంత నవ్వినా ఆవిడ రాస్తేనే నవ్వినట్టు లెక్క. అందుకే సిబ్బంది ఆవిణ్ణి నవ్వులమ్మ అంటారు. ఆవిడ మాత్రం సభలో నవ్వకూడదు, సర్వీసు రూల్సు ఒప్పుకోవు. ఆ రోజు ఆ ఇబ్బంది కూడా రాలేదు. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు, గోధుమ నలుసు లోపలికి పోతే చాలు, రెండు రోజులు మంచం దిగదు. ఆ పిల్ల చదివే సర్కారు బళ్లో అలాంటి పిల్లలు తనతో కలిపి పదకొండు మంది. వాళ్లకోసం అక్కడ వేరే వంటగది ఒకటి ఉంది. దాని మీద పెద్దల చూపు పడకపోతే చాలని ఆవిడ బెంగ.

మర్నాడు మంత్రిగారు జేబులోంచి రొట్టె తీసి, పక్క సభ్యుడి ముక్కు దగ్గర పెట్టారు. ఆ మహానుభావుడు కళ్లు తేలేసి, కుర్చీలోంచి జారి, నేల మీద గిలగిల కొట్టుకున్నాడు. నవ్వులమ్మ 'పెద్ద నవ్వులు' అని రాసింది.

సాయంత్రం మంత్రిగారి పి.ఏ. వచ్చాడు.

"అమ్మా, నవ్వులు మరీ పొడిగా ఉన్నాయని అయ్యగారు ఫీలయ్యారు. 'ఎడతెగని నవ్వులు' అని వెయ్యండి."

"ఎడతెగాయి కదా సార్. అధ్యక్షులవారు గంట కొట్టారు."

"గంట కొట్టేదాకా తెగలేదు కదమ్మా!"

కాదనలేక అలాగే వేసింది. ఇంటికి వెళ్లేసరికి పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది.

"బళ్లో పిల్లలు నా టిఫిను డబ్బాలో రొట్టె పొడి చల్లారమ్మా. నేను చూసుకోలేదు. మధ్యాహ్నం టీవీలో చూపించిన మంత్రిగారి ఆటంట అది. కింద పడి కొట్టుకుంటే చప్పట్లు కొడతారంట."

నవ్వులమ్మ ఎడతెగని నవ్వులని రాసిన చేత్తోనే రాత్రంతా పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది.

మర్నాడు మంత్రిగారు విజృంభించారు.

"పదకొండు మందికి ఒక వంటగదా అధ్యక్షా! అయితే మాకూ కావాలి! ఈ ఆవరణలోనే, పాలరాతితో కట్టిస్తా! సభ్యులందరం గోధుమ మానేసి నాజూగ్గా భోంచేద్దాం! ఇది నా మాట!"

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నవ్వులమ్మ వాక్యం చివర చుక్క పెట్టి ఊరుకుంది.

సభ రూల్సు ప్రకారం, రికార్డులో నవ్వులుంటే అది జోకు. లేకపోతే మంత్రిగారి హామీ, ముప్పై రోజుల్లో నెరవేర్చి తీరాలి. పాలరాతి వంటగది కడితే ఇక బడి వంటగదిని చూసి ఎవరు నవ్వుతారు? అదీ ఆవిడ ధైర్యం.

పి.ఏ. పరిగెత్తుకొచ్చాడు.

"నవ్వులేవమ్మా?"

"నాకు వినపడలేదు సార్."

"పైకప్పు అదిరిపోయింది కదమ్మా!"

"పైకప్పు సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు సార్. రికార్డు అచ్చయిపోయింది."

మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు, అచ్చయ్యాక అసలే కాదు. ఇరవై తొమ్మిదో రోజుకల్లా వంటగది లేచింది. కొత్త సామాను దుబారా అని, బడి వంటగదిలోని పొయ్యిలు, గిన్నెలు వ్యానులో తెప్పించారు. వాటి వెనకే వంటావిడ దిగింది.

"నన్నూ ఇక్కడికే వేశారమ్మా. ప్రమోషనంట. అక్కడ తాళం పడింది."

నవ్వులమ్మ నేరుగా వెళ్లి వంటగది గుమ్మంలో పాసులు రాస్తున్న పి.ఏ. ముందు నిలబడింది.

"గోధుమ పడని సభ్యులు అంతమంది ఉన్నారా సార్?"

"నిన్నటికి నూట పన్నెండు మంది తేలారు. ప్రతిపక్షం వాళ్లు ఇంకా పరీక్షలు చేయించుకుంటున్నారు. మంత్రిగారికైతే పుట్టుకతోనే ఉందట. పాపం, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు."

"మా అమ్మాయికి పూటకొక పళ్లెం ఇప్పించండి సార్. తక్కిన పదిమందికి కూడా."

పి.ఏ. కలం ఆపి తలెత్తాడు.

"మీ అమ్మాయికి నిజంగానే జబ్బా?"

"నిజంగానే సార్. ఆస్పత్రి కాగితాలున్నాయి."

"ఎంత మాటమ్మా! జబ్బు పిల్లని ఇక్కడికి తెస్తారా? నలుగురూ తినే చోటు."