గడ్డకు గడ్డే మందు

ఎలుకగా మారడానికి సుంకులమ్మ పెట్టుకున్న అర్జీ బుధవారం నాడు మంజూరైంది. జిల్లా పెద్దాసుపత్రిలో ఇది కొత్తేమీ కాదు. ఆ వారం ఆమెతో పాటు ఒక పంతులమ్మ, ఇద్దరు లారీ డ్రైవర్లు కూడా ఎలుకలయ్యారు.

సంగతేమిటంటే, సుంకులమ్మకు రొమ్ములో గడ్డ. ఆమె, మొగుడు మద్దిలేటి పుట్టి పెరిగింది ఉల్లిని ఎర్రగడ్డ, వెల్లుల్లిని తెల్లగడ్డ అనే సీమలో. ముల్లును ముల్లుతో తీసినట్టు గడ్డను గడ్డతో కరిగిస్తామంటే అక్కడ ఎవరికీ వింత అనిపించలేదు. సెలీనియం కలిపిన మట్టిలో పండిన తెల్లగడ్డ తింటే ఎలుకల్లో కాన్సర్ గడ్డలు తగ్గుతున్నాయని ఆసుపత్రి వాళ్ళు తేల్చారు. మనుషుల్లో మాత్రం రుజువు కాలేదు. డాక్టర్లు అబద్ధమాడే రకం కాదు పాపం, ఆ మాట బోర్డు మీదే రాయించారు. రుజువయ్యే దాకా ఆగే తీరిక రోగులకు లేదు. మందు మారదు కాబట్టి మనిషే మారాలని పైవాళ్ళు ఉత్తర్వు ఇచ్చారు.

"సారూ, మా యింట్లో తెల్లగడ్డ కారం లేకుండా ముద్ద దిగదు. ఇన్నేండ్లు తిన్నెదంతా యాడికి పోయినట్టు?" అని మద్దిలేటి అర్జీలు తీసుకునే గుమాస్తాను అడిగాడు.

"అప్పుడు మనిషిగా తినింది గదప్పా," అన్నాడు గుమాస్తా.

మద్దిలేటికి ఆ మాట సబబుగానే తోచింది.

సుంకులమ్మ ఎలుకగా బాగానే కుదురుకుంది. బోను శుభ్రంగా ఉండేది. వేళకు తిండి. పొద్దున్నే హసీనా అనే చిన్న డాక్టరమ్మ వచ్చి బరువు చూసి, నిద్ర పట్టిందా, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగి రాసుకునేది. మూడు నెలలకు గడ్డ పోయింది. మద్దిలేటి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆమెకు కొత్త చీర కొని గుమాస్తా దగ్గరకు పరుగెత్తాడు.

"ఇంక మా యింటామెను మనిషిని చేసియ్యండి సారూ."

"చేస్తాం. బోర్డు చూసినావు గదా, మనుషుల్లో రుజువు కాలేదు. మనిషైతే గడ్డ మళ్ళీ వస్తాది. అప్పుడు మనుషుల లైన్లో నిలబడాల."

మద్దిలేటి బోను దగ్గర కూలబడి ఏడ్చాడు. సుంకులమ్మ మీసాలు సవరించుకుంది.

"నేను రాన్లేయ్యా. ఈడ దినామూ ఎట్లుండావని అడుగుతారు. మనిషిగా ఉన్నెప్పుడు నన్ను ఎవురడిగినారో చెప్పు?"

ఎంత వెతికినా మద్దిలేటికి ఒక్క పేరు దొరకలేదు. తన పేరు చెబుదామనుకున్నాడు గానీ, తానూ ఏనాడూ అడగలేదని గుర్తొచ్చింది.

బయటికి వచ్చి చూస్తే ఎలుకల లైను మనుషుల లైను కన్నా పొడుగ్గా, గేటు దాటి ఉంది. చీర చంకలో పెట్టుకుని చివర నిలబడ్డాడు. సాయంత్రానికి వంతు వచ్చింది.

"జబ్బేమని రాయాల?"

"ఏదో ఒగటి రాయి సారూ. ఆమె పక్క బోనైతే సాలు. ఎట్లుండావని పొద్దున్నే నేనే అడుగుతా."

గుమాస్తా తలెత్తకుండానే ముద్ర వేశాడు. నువ్వెట్లా ఉన్నావని మాత్రం అడగలేదు. మద్దిలేటి ఇంకా మనిషే కదా.