జోడు సమాధిలో రెండో సగం

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు రేవులంకలో రిటైర్డ్ లెక్కల మేష్టారు జెకర్యా గారు చనిపోయారు. సాయంత్రం నాలుగింటికి, తనను పూడ్చడానికి చర్చి కమిటీ ఇవ్వవలసిన అనుమతి వాయిదా పడడంతో, పెట్టెలోంచి లేచి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

పొద్దున వచ్చిన డాక్టరు మళ్లీ వచ్చి చూశాడు. నాడి లేదు, ఊపిరి లేదు. తాను రాసిచ్చిన సర్టిఫికెట్టులో మార్చవలసింది ఏమీ లేదని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు. పెట్టె తెచ్చినవాళ్లు దాన్ని గోడకు ఆనించి, అవసరమైనప్పుడు కబురు పెట్టమన్నారు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. అనుమతి రాకపోతే ఏ పనైనా ఆగుతుంది. కాలవ మీద వంతెన ఆగింది. ఆసుపత్రికి కొత్త వార్డు ఆగింది. మేష్టారి మరణం సగంలో ఆగింది.

అనుమతి ఆగడానికి కారణం కృపావరం. అతను మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లకు పైగా మేష్టారూ అతనూ కాలవగట్టు మీద ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఊరు వాళ్లను రూమ్మేట్లు అనేది. చర్చిలో ఒకే బెంచీలో కూర్చునేవారు. మేష్టారి కళ్లజోడు పాతదైపోయాక కృపావరమే పాటల పుస్తకం పట్టుకునేవాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం అతను కమిటీ సెక్రటరీ ఒబద్యా గారింటికి వెళ్లాడు. ఒబద్యా చిన్నప్పుడు మేష్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్న మనిషి. కబురు విని అప్పటికే కళ్లు తుడుచుకుంటున్నాడు.

"గొయ్యి తవ్వించాలండీ," అన్నాడు కృపావరం.

"తవ్విద్దాం. మేష్టారిది జోడు సమాధి గదా, గోడ కట్టే ఉంది. రెండో సగం మీద పలక వేయించేద్దాం. పాపం, పెళ్లి చేసుకోకుండానే పోయారు."

"పలక వద్దండీ. రెండో సగం నాకు."

"మీకెందుకండీ?"

"మేష్టారి పక్కనుండడానికి."

ఒబద్యా రుమాలు మడతపెట్టాడు. "అది మొగుడూపెళ్లాలకిచ్చే చోటు, కృపావరం గారూ."

"అవునండీ," అన్నాడు కృపావరం.

అంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు. ఇప్పుడు కూడా ఒబద్యా అడిగాననుకోలేదు. కానీ మాట బయటికి వచ్చింది. కమిటీ అంతా ఒక మాట మీదికి వచ్చేదాకా అనుమతి వాయిదా అన్నాడు ఒబద్యా.

రేవులంక చర్చి సమాధుల దొడ్డిలో భార్యాభర్తలకు ఒకే ఇటుక గోడలో రెండు గదులు కడతారు. ముందు పోయినవాళ్లు ఎడమవైపు పడుకుంటారు. కుడివైపు ఇసుక నింపి ఉంచుతారు. సమాధుల పండుగకు బతికున్న మనిషి వచ్చి రెండు సగాలకూ సున్నం వేసుకుంటారు. మేష్టారు నలభయ్యో ఏట అలాంటి చోటు కావాలని అడిగితే, పెళ్లి కుదిరిందేమోనని అప్పటి కమిటీ సంతోషించి ఇచ్చింది. పెళ్లికూతురి పేరు అడగడం మర్యాద కాదనుకున్నారు.

కృపావరం ఇంటికి వచ్చేసరికి మేష్టారు వరండాలో ఉన్నారు.

"ఏమన్నారు కృపా?"

"వాయిదా వేశారు మేష్టారూ."

"ఎందాకా?"

"ఏకాభిప్రాయం వచ్చేదాకా అంట."

"అయితే ఈ కుర్చీ కాస్త నీడలోకి జరుపు."

కృపావరం జరిపాడు. ఇంటి ముందు కాలవ నీళ్లలో వరండా కనబడుతుంది. నీళ్లలోని కుర్చీ ఖాళీగా ఉంది.

కమిటీ చర్చి పక్క గదిలో కూర్చుంది. పాస్టరు ఎబెనెజరు అయ్యగారు ప్రార్థన చేసి, విషయం అందరికీ తెలిసిందేనని, పేరు పెట్టి చెప్పనవసరం లేదని అన్నారు. దాంతో ఆ విషయానికి చివరిదాకా పేరు లేదు. మాట్లాడినవాళ్లంతా 'అది' అన్నారు.

"బైబిల్లో వాక్యం స్పష్టంగా ఉందండీ," అన్నాడు ఒబద్యా. "నేను రాసింది కాదు, మీరు రాసింది కాదు. మేష్టారంటే నాకు ప్రాణం. అయినా దాన్ని మార్చే అధికారం ఈ కమిటీకి లేదు."

స్త్రీల సమాజం అధ్యక్షురాలు సుగుణమణి లేచింది. "పాపం సంగతి ప్రభువు చూసుకుంటాడు. పూడ్చే సంగతి మనది. మా పెద్దోడికి టైఫాయిడ్ వస్తే వీళ్లిద్దరే వంతులేసుకుని కూర్చున్నారు. అప్పుడు ఏ కమిటీ వచ్చింది?"

"అది పాపమా కాదా, సుగుణమణి గారూ? అది చెప్పండి."

"పాపమే. కాదనట్లేదు. పాపం లేని గొయ్యి ఏదో మీరు చెప్పండి. మా ఆయన గొయ్యి కాణ్ణుంచి మొదలెట్టి చూసుకుంటూ పోదాం."

ఎవరూ మొదలుపెట్టలేదు. సభ వాయిదా పడింది.

పైవాళ్ల సలహా అడిగితే, వేదాంత కళాశాల నుంచి బెర్నీస్ గారనే ఉపాధ్యాయురాలిని పంపారు. ఆమె రెండు గంటలు మాట్లాడింది. ఆ వాక్యాలు పుట్టిన కాలంలో గుళ్లలో జరిగిన పనులు వేరని, బలవంతులు బలహీనుల మీద చేసిన పనులు వేరని, ఒకరినొకరు చూసుకుంటూ ఒక ఇంట్లో బతికిన ఇద్దరి గురించి అవి మాట్లాడడం లేదని తాను నమ్ముతున్నానని చెప్పింది. తన కళాశాలలోనే సగంమంది ఇందుకు ఒప్పుకోరని కూడా చెప్పింది. కొన్ని దేశాల్లో చర్చీలు ఇలాంటివారికి పెళ్లి చేస్తున్నాయి, ఆ పెళ్లిళ్ల వల్లే కొన్ని చర్చీలు రెండుగా చీలాయి అంది.

"ఆ దేశాల్లో చర్చీలు అమ్ముకుంటున్నారంట గదండీ," అన్నాడు ఒబద్యా. "హోటళ్లు పెడుతున్నారంట."

"అది వేరే సంగతండీ."

"అదే నేననేది. వాళ్లది వేరే సంగతి."

ఈలోగా, పోయినవాళ్ల జ్ఞాపకార్థం జరిపే ఆదరణ కూడిక రోజు వచ్చింది. పూడ్చలేదు కాబట్టి ఆపాలా అని కృపావరం అడిగితే, వంటవాళ్లకు చెప్పేశాం, కానివ్వండి అన్నారు. మేష్టారు అలవాటు ప్రకారం వెనక వరసలో కూర్చున్నారు. ఆయన జీవిత చరిత్ర చదువుతున్నప్పుడు పుట్టిన ఏడు తప్పు చదివారు. మేష్టారు చెయ్యెత్తి సరిదిద్దారు. అలాగేనండీ అని సరిదిద్దుకుని చదివారు. ఆ చరిత్రలో కృపావరం పేరు రాలేదు. దానికి మేష్టారు మళ్లీ చెయ్యెత్తారు గానీ అప్పటికి పాట అందుకున్నారు.

తర్వాత రేకుల షెడ్డు ప్రార్థన మందిరం నుంచి హనోకు అనే దైవసేవకుడు పిలవకుండానే వచ్చాడు. ఈ స్వభావం వదిలిపోయే దాకా చేతులుంచి ప్రార్థిస్తానన్నాడు. వరుసగా కొన్ని శుక్రవారాలు వచ్చి మేష్టారి తల మీద చేతులుంచి చెమటోడ్చాడు. అతను వెళ్లాక మేష్టారి జుట్టు కృపావరం దువ్వేవాడు.

"ఇప్పుడు అలాంటి తలంపులు వస్తున్నాయా మేష్టారూ?" అని ఒక శుక్రవారం హనోకు అడిగాడు.

"ఏ తలంపులూ రావట్లేదు నాయనా. చచ్చిపోయాను."

హనోకు మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పాడు. ఆ ఆదివారం తన మందిరం మైకులో, ప్రార్థనతో అది వదిలిపోయిందని సాక్ష్యం చెప్పాడు. కాలవకు రెండు వైపులా వినబడింది.

ఒబద్యా మాత్రం ఒక సాయంత్రం తనంతట తాను కాలవగట్టుకు వచ్చాడు. మేష్టారికి నమస్కారం పెట్టి, కృపావరాన్ని పక్కకు పిలిచాడు.

"ఒక్క మాట చెప్పండి చాలు. ఆదివారం సంఘం ముందు లేచి, మేం స్నేహితులం అనండి. అన్నదమ్ముల్లా ఉన్నాం అనండి. రెండో సగం మీకు నేనిప్పిస్తాను. అందరికీ మీరంటే ఇష్టమే, కృపావరం గారూ. ఒప్పుకోడానికి ఏదో ఒక మాట కావాలి వాళ్లకి."

"ఆలోచిస్తానండీ."

ఒబద్యా వెళ్లాక కృపావరం మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ కాలవ దాటి అవతలి గట్టు ఎక్కుతోంది.

"చెప్పేస్తే మీరు రేపే పడుకోవచ్చు మేష్టారూ. మీ నడుం నొప్పి..."

"నడుం నొప్పి పోయింది. ముప్పై ఏళ్లూ అదేగా చెప్పాం వాళ్లకి?"

"చెప్పలేదు. వాళ్లు అడగలేదు."

"మరి ఇప్పుడడిగారు."

"అన్నదమ్ములం అంటే నా నోరు తిరగదు మేష్టారూ," అన్నాడు.

"నీకు నోరు తిరగనివి చాలా ఉన్నాయి. ఎక్కాలు కూడా తిరగవు," అన్నారు మేష్టారు. మరి ఆ మాట ఎత్తలేదు.

ఆదివారం కృపావరం సంఘం ముందు లేవలేదు. ఆ రోజు సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. విషయం తేలేదాకా ఇద్దరూ బల్ల దగ్గరికి రావద్దని అయ్యగారు మెల్లగా చెప్పారు. ఇద్దరూ బెంచీలోనే ఉండిపోయారు. పుట్టి బుద్ధెరిగాక కృపావరం ఆ రొట్టె తినని సంస్కారం అదే మొదటిది.

పరిష్కారం అయ్యగారికే తట్టింది. ఆయన కమిటీని పిలిచి చెప్పారు. మన సంఘంలో ఎక్కువమంది నమ్మేది ఏమిటి? ఆ స్వభావం ఉండడం పాపం కాదు, ఆ ప్రకారం నడుచుకోవడం పాపం. మేష్టారు చనిపోయారు. చనిపోయిన మనిషి ఏ ప్రకారమూ నడుచుకోడు. కాబట్టి మేష్టారి మీద అభ్యంతరం ఏముంది?

ఒబద్యా ఆలోచించి, వాక్యానికి ఇది విరుద్ధం కాదన్నాడు. ఎలాగైనా పూడిస్తే చాలంది సుగుణమణి. బెర్నీస్ గారికి ఫోను చేస్తే, మేష్టారిని చేర్చుకోవాలన్నదే తన మాట అని, కానీ కారణం ఇది కాదని అంది. కారణం సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆ కమిటీలో ఏకాభిప్రాయం రావడం అదే మొదలు. చేతులు కలుపుకున్నారు. కొందరు ఏడ్చారు.

"మరి నేనండీ, అయ్యగారూ?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కృపావరం.

"మీరు బతికున్నారు కదా, కృపావరం గారూ."

"అవునండీ."

"మీరూ ఆ స్థితికి వచ్చాక కమిటీకి ఏ అభ్యంతరమూ ఉండదు. రెండో సగం మీదే. చనిపోయినవాళ్లు ఇద్దరు పక్కపక్కన ఉంటే తప్పేముంది?"

"అప్పటిదాకానండీ?"

అయ్యగారు చేతిలోని తాళంచెవుల వైపు చూశారు. "తొందరేం లేదండి," అన్నారు. "సంస్కారం ఉన్న ఆదివారాలు మాత్రం కాస్త బయట ఉంటే ఇబ్బంది ఉండదు."

అనుమతి వచ్చింది కాబట్టి పెట్టెవాళ్లు వచ్చారు. మేష్టారు వాళ్లకు కాఫీ ఇప్పించి పంపేశారు. కృపావరం వచ్చాకే పడుకుంటానన్నారు. చనిపోయిన సభ్యుడు ఎన్నాళ్లు ఆగవచ్చో నియమాల్లో లేదు. కమిటీ ఊరుకుంది.

అప్పటినుంచి సంస్కారం ఉన్న ఆదివారం ఇద్దరూ కలిసి చర్చి దాకా నడుస్తారు. మేష్టారు లోపలికి వెళ్తారు. కృపావరం గేటు దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడతాడు. లోపల మేష్టారిని ముందు బెంచీలో కూర్చోబెడతారు. ఒబద్యా స్వయంగా చెయ్యిపట్టి బల్ల దగ్గరికి తీసుకెళ్తాడు. బతికుండగా ఆయనకు ఇంత గౌరవం జరగలేదు. మేష్టారు రొట్టె ముక్క నోట్లో పెట్టుకోరు. గుప్పిట్లో దాచి బయటికి తెచ్చి, కృపావరం చేతిలో పెడతారు. సంగతి కమిటీకి తెలుసు. చనిపోయినవాళ్లు రొట్టెను ఏం చేసుకుంటారో తమ పరిధిలోకి రాదని అనుకున్నారు.

చర్చి విడిచాక జనం గేటు దగ్గర ఆగి కృపావరాన్ని పలకరిస్తారు. అతనికి పాతికేళ్లప్పుడు వీళ్ల తల్లులు ఇదే గేటు దగ్గర పెళ్లెప్పుడని అడిగేవారు. అంతే ప్రేమగా వీళ్లూ అడుగుతారు.

"వందనాలు తమ్ముడూ. ఎప్పుడు మరి?" అంటుంది సుగుణమణి.

"ఇంకా ఏమీ అనుకోలేదక్కా."

"ఆలస్యం చెయ్యకు. మేష్టారు ఒక్కరే కూర్చుంటున్నారు లోపల. చూడలేకపోతున్నాం."

"ఊరుకో సుగుణమణీ," అంటారు మేష్టారు. "వాడి కూరలు వాడు వండుకోవాలి, చెట్లకు నీళ్లు పొయ్యాలి. బోలెడు పనుంది."

స్త్రీల సమాజం తరఫున సమాధికి రాయి చేయించారు. ప్రతిష్ఠకు సంఘమంతా వచ్చింది. అయ్యగారు ప్రార్థించారు. ఈ సంఘం ఎవరినీ తోసిపుచ్చలేదని చెప్పుకోగలుగుతున్నందుకు ఒబద్యా దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. కృపావరం రెండు సగాలకూ సున్నం వేశాడు. రాతి మీద ఎడమవైపు మేష్టారి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కారు. కుడివైపు కృపావరం పేరు, పుట్టిన ఏడు చెక్కి, పక్కన గీత గీసి, మిగతా రాయి నున్నగా వదిలారు.

ఆ తర్వాతి ఆదివారం సంస్కారం జరిగింది. మేష్టారు లోపలికి వెళ్లారు. కృపావరం గేటు దగ్గర నిలబడ్డాడు.