తొందరలేని చిచ్చరపిడుగు

మా ఆవిడ ఉన్న రోజుల్లో నేను మాట తప్పిన సందర్భం ఒక్కటీ లేదు. మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం రాకుండా ముందే ఏర్పాట్లు చేసుకునేవాణ్ణి.

అప్పట్లో నాలుగు నెలలపాటు మా భోజనాల బల్ల మీద నా కంప్యూటరు కాపురముండేది. అందులో నేను రాసిన చదరంగం ప్రోగ్రాం. పేరు చిచ్చరపిడుగు. పగలంతా అది మరో ప్రోగ్రాంతో దానంతటదే ఆడుతుంటే, తప్పులు వెతకడం నా పని. మేమిద్దరం కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ అంది: "ఏవండీ, ఒంటిగంటకి అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. బల్ల ఖాళీ చేయండి."

అక్క అంటే మా తనిఖీ వదినగారు. అడుగుపెడుతూనే తలుపు మీద వేలితో గీసి దుమ్ము చూసే మనిషి.

"పిడుగు ఒక్క ఆట గెలవనీ. మరుక్షణం ఖాళీ చేస్తాను. ఇదే నా మాట!" అన్నాను.

అసలు సంగతి మీకు చెబుతాను. పిడుగు గెలవదు. ఓడిపోదు కూడా. అవతలి రాజును మూలకు తరుముతుంది. ఇంకొక్క ఎత్తులో ఆట కట్టు. సరిగ్గా అక్కడ ఏనుగును అటూ ఇటూ షికారు తిప్పుతుంది. బంటు కదలకుండా, ఏదీ చావకుండా యాభై ఎత్తులు గడిస్తే నియమం ప్రకారం డ్రా. వారం రోజులుగా రెండొందల ఆటలు అదే వరస. కారణం దొరకలేదు. ఆ పూట మటుకు దొరక్కపోవడమే వరమనిపించింది.

పదకొండింటికి ఆవిడ గరిటెతో వచ్చి నా వెనక నిలబడింది.

"అదేంటండీ, రాజు ఎదురుగా ఉంటే ఏనుగు షికారుకెళ్తోంది? దీనికి కళ్లు కనపడవా?"

"కనపడకేం! గెలుపు చేతిలో ఉందని దానికి తెలుసు."

"తెలిసీ ఎందుకు గెలవదు?"

"అదే నాకు తెలియదు."

"నాకు తెలుసు. కుళాయి కారుతోందని మీకు తెలీదూ? బాగుచేయడం రాదూ? అయినా కారుతూనే ఉందేం? ఎప్పుడైనా చేయొచ్చులే అని! ఇదీ అంతే. అచ్చం మీ పోలికే."

"ప్రోగ్రాముకి బద్ధకం ఉండదోయ్."

"రాసినవారికుంటే చాలు. పోనీలెండి, మీవల్ల కాదు. మా బావగారొస్తున్నారుగా, ఆయన్ని అడుగుదాం. తెలివైనవారు."

బావగారంటే నా తోడల్లుడు. టీవీ రిమోటు తలకిందులుగా పట్టుకునే మహానుభావుడు! నా రక్తం సలసలా కాగింది. వెంటనే కోడ్ తెరిచాను.

నిజమే. ఎక్కువ మార్కులొచ్చే ఎత్తునే పిడుగు ఎంచుకుంటుంది. ఇప్పుడే గెలిచినా వంద మార్కులు, పది ఎత్తుల తర్వాత గెలిచినా వంద మార్కులే వేశాను. రెండూ ఒకటే అయినప్పుడు దానికి తొందరేముంది పాపం! ఆ మాటే ఆవిడకు చెప్పాను.

"ఆలస్యమైన కొద్దీ మార్కులు తగ్గించండి," అంది ఆవిడ, ఇరవయ్యేళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన గొంతుతో.

ఎత్తుకొక మార్కు తగ్గించాను. ఆట మళ్లీ మొదలైంది. పిడుగు రాజును మూలకు తరిమింది. ఏనుగు షికారు మానేసి దబ్బున దిగింది. చెక్‌మేట్!

"గెలిచిందోయ్!" కుర్చీ ఎక్కి గంతులేశాను. "నా పిడుగు గెలిచింది!"

"శుభం," అంది ఆవిడ. "దిగి కంప్యూటరు తెర పట్టుకోండి. వైర్లు నేను పట్టుకుంటాను."

అప్పుడు గుర్తొచ్చింది, నేనిచ్చిన మాట. టైము పన్నెండున్నర.

తెర ఎత్తుకుని పక్కగదిలోకి నడిచాను. అక్కడ కిటికీ పక్కన చిన్న బల్ల తుడిచి సిద్ధంగా ఉంది. కుర్చీలో నా నడుంనొప్పికి దిండు కూడా.

"ఇదెప్పుడు సర్దావు?"

"పొద్దున మీరు మాట ఇవ్వగానే."

"అప్పటికి అది గెలవదుగా!"

"పిడుగు సంగతి నాకేం తెలుసండీ? మా బావగారి పేరెత్తితే మీరు ఊరుకోరని తెలుసు."