హచ్చొళ్ళి కాలువలో నడునుడి

సరిహద్దు జిల్లాలో తెలుగుకూ కన్నడకూ మధ్య గొడవ ఇక ఉండదని, ఎందుకంటే ఇక రెండూ ఉండవని, సరిహద్దు సంభాషణ మండలి అధ్యక్షులు మద్దిలేటి గారు బళ్ళారిలో పత్రికల వాళ్ళను పిలిచి ప్రకటించారు. రెంటికీ బదులు మండలి ఒక కొత్త భాషను తయారు చేసింది. దాని పేరు నడునుడి.

"ఎవురి భాషా కాదు గాబట్టి ఎవురికీ నొప్పుండదు" అన్నారాయన.

విలేకరులు రాసుకున్నారు. ఇంతకీ ఆ గొడవ ఎక్కడ జరుగుతోందని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడం కష్టమయ్యేది. ఈ జిల్లాలో మనిషి పొద్దున తెలుగులో పాలు పోయించుకుని, కన్నడలో బస్సెక్కి, మార్కెట్లో ఉర్దూలో బేరమాడి ఇంటికి పోతాడు. భాష కోసం కొట్టుకోవడానికి అతనికి తీరిక చిక్కదు.

మద్దిలేటి గారికి పోయిన ఎన్నికల్లో టికెట్ రాలేదు. వచ్చి ఉంటే ఈ మండలీ ఉండేది కాదు, నడునుడీ పుట్టేది కాదు. పార్టీ పెద్దల ముందుచూపు అలాంటిది.

వ్యాకరణం డాక్టర్ జగదీశ్ గారిది. మూడు ఎన్నికల్లో ప్రచారపు ఆటోలో మైకు పట్టిన గొంతు ఆయనది. ఏ మాటను ఒత్తి పలికితే జనం తల తిప్పి చూస్తారో, ఏ మాటను మింగేస్తే ఎవరూ పట్టించుకోరో ఆయనకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఇంకొకరికి తెలియదు. డాక్టరేటు తర్వాత వచ్చింది, కొరియర్‌లో.

సత్యనారాయణపేటలో అద్దెకు తీసుకున్న మండలి ఆఫీసులో ఆయన వ్యాకరణం చెబుతుంటే కంప్యూటర్‌లో కొట్టింది నేత్ర. హచ్చొళ్ళి బడిలో చదివి, కాంట్రాక్టు మీద చేరిన పిల్ల. మాట తక్కువ. జగదీశ్ గారు భోజనం తర్వాత వ్యాకరణం చెబుతూ చెబుతూ కుర్చీలోనే నిద్రపోయేవారు. లేచేసరికి రెండు మూడు సూత్రాలు పూర్తయి ఉండేవి. నిద్రలో కూడా తన మెదడు పనిచేస్తుందని ఆయన చాలామందికి చెప్పుకున్నారు. పదకోశానికి మూడు వేల మాటలు శుక్రవారానికల్లా కావాలన్నప్పుడు వాటినీ నేత్రే అల్లింది. అలా రెండు వందల పద్నాలుగు పేజీలయ్యాయి. ఆ పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఈ భూమ్మీద నేత్ర ఒక్కతే.

నడునుడికి నాలుగు స్వరాలు. వినయ స్వరం, అతి వినయ స్వరం, ధన్యవాద స్వరం, నాలుగోది మౌనం. వాక్యంలో ఏ మాట ఎక్కడున్నా ఒత్తు మాత్రం అధికారి హోదా మీదే పడాలి. భూతకాలాన్ని తీసేశారు, పాత విషయాలు తవ్వుకోవడం వల్లే గొడవలు వస్తాయని. భవిష్యత్తు మంత్రి గారికి రిజర్వు చేశారు. ప్రజలకు వర్తమానం పూర్తిగా వదిలిపెట్టారు.

భాష తయారైన వారానికి రూలు వచ్చింది. మండలికి వచ్చే అర్జీలను నడునుడిలో, నోటితో, సరైన స్వరంలో చెప్పుకోవాలి.

మొదటి అర్జీ హచ్చొళ్ళి వాళ్ళది. నేత్ర తండ్రి కెంచప్ప ముందు నడుస్తుంటే వెనక నలుగురు రైతులు, ఉచ్చెంగమ్మ వచ్చారు. ఉచ్చెంగమ్మకు మొగుడు పోయినా రెండెకరాల మడి మిగిలింది. మనుషుల్ని చూసి భయపడే అలవాటు ఆమెకు అంతకుముందు కూడా లేదు.

"కాలువ చివర్న ఉండేటోళ్ళం సార్" అన్నాడు కెంచప్ప. "నీళ్ళు రాక పద్దెనిమిది దినాలాయె. వరి పొట్టకొచ్చిండాది. ఇంకో ఇరవై దినాలు తడి దొరక్కుంటే గడ్డే మిగిలేది. పైన మోటార్లు..."

"ఆగప్పా. నడునుడిలో చెప్పు" అన్నారు జగదీశ్ గారు.

"యాడ నుడి?"

నేత్ర తల ఎత్తకుండా ఒక కాగితం తండ్రి వైపు జరిపింది. కెంచప్ప కూడబలుక్కుని చదివాడు. జగదీశ్ గారు కళ్ళు మూసుకుని, చూపుడువేలు గాల్లో పెట్టి విన్నారు. వేలు పైకి పోయింది.

"స్వరం పైకి పోతాంది. ఇది అవినయం. తిరస్కరిస్తాండా."

"గట్టు మీంచి పిలిచే గొంతప్పా ఇది. తగ్గమంటే యాడ తగ్గుతాది?"

"కోపానికి స్వరం లేదా మీ భాషలో?" అంది ఉచ్చెంగమ్మ.

"కోపం రెండో సంపుటంలో వస్తాదమ్మా."

"అది ఎప్పుడొస్తాది?"

"అట్ల అడగకూడదు. ఎప్పుడొస్తాది అంటే భవిష్యత్తు. అది మంత్రి గారిది."

ఆ ఆదివారం నేత్ర ఊరికి వెళ్ళింది. తండ్రిని ఎండిన మడి గట్టు మీద కూర్చోబెట్టి స్వరం నేర్పించింది. నేల నెర్రెలు విచ్చి ఉంది. వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. కెంచప్ప వినయం నేర్చుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి బర్రెను వినయ స్వరంలో అదిలిస్తే అది కదల్లేదు, ఆయన వైపు తిరిగి జాలిగా చూసింది.

"నీళ్ళడిగేదానికి ఇంత మెత్తబడాల్నా పాపా?"

"గొంతే నాయినా. గొంతొకటి మెత్తగుంటే సాలంట."

రెండోసారి కెంచప్ప అర్జీ చెప్పినప్పుడు జగదీశ్ గారి వేలు నేలవైపు దిగి, దిగి, బల్ల కింద మాయమైంది. ఆయన కళ్ళు చెమర్చాయి. మద్దిలేటి గారు స్వయంగా లేచి కెంచప్పకు శాలువా కప్పారు.

"నీళ్ళు సార్?" అన్నాడు కెంచప్ప శాలువాలోంచి.

"అది వేరే శాఖప్పా. మాది స్వరం వరకే. అయినా నీకు ఎంత గౌరవం చేస్తామో చూడు."

ఆ గౌరవం మరునాటి పేపర్లో వచ్చింది. హచ్చొళ్ళి మొట్టమొదటి నడునుడి గ్రామం. అక్కడ కాలువ గట్టు మీద ఆరడుగుల నల్లరాతి ఫలకం మీద నడునుడి వాక్యాలు చెక్కిస్తారు. గురువారం మంత్రి గారు వచ్చి ఫలకం ఆవిష్కరించి, కాలువకు బాగినం సమర్పిస్తారు. నిండిన డ్యాముకు పెద్దలు చేటలో చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలో వదిలే ఆచారం ఇక్కడ ఉన్నదే. దాన్ని పిల్లకాలువలకు కూడా విస్తరించిన ఘనత మద్దిలేటి గారిది.

కాలువ ఇంజనీరు పరుగున వచ్చాడు.

"సార్, బాగినం వదలాలంటే కాలువలో నీళ్ళుండాల గదా."

"ఇడువు."

"ఇడుస్తానే ఉండాము సార్. పైన తొమ్మిది మోటార్లు తాగేస్తాండాయి. చివరికి వచ్చేది ఒట్టి ఇసకే."

గదిలో అందరూ ఫ్యాను వైపు చూశారు. ఆ తొమ్మిది మోటార్లు ఎవరివో అందరికీ తెలుసు కాబట్టి పేరు చెప్పడం మర్యాద కాదు. నేత్ర కీబోర్డు మీద వేళ్ళు ఆపింది.

మద్దిలేటి గారు చాలాసేపు ఆలోచించారు. వచ్చే ఎన్నికలను గురించి కూడా ఆలోచించి ఉంటారు. "ఆపిస్తాలే" అన్నారు చివరికి. "గురువారం సాయంత్రం దాకా."

సోమవారం పొద్దున హచ్చొళ్ళి కాలువ చివరకు నీళ్ళు వచ్చాయి. ఉచ్చెంగమ్మ చెప్పులు విడిచి అందులో దిగి నిలబడింది. కెంచప్ప కూతురికి ఫోన్ చేశాడు.

"వచ్చినాయి పాపా! మడి గటగటా తాగుతాంది. ఎన్ని దినాలుంటాయి?"

"నాలుగు. మంత్రి వచ్చిపోయే దాకా."

"ఇరవై కావాల్నే" అన్నాడు కెంచప్ప.

బుధవారం మధ్యాహ్నం నేత్ర ఫలకం ఫొటో పట్టుకుని జగదీశ్ గారి బల్ల ముందు నిలబడింది. ఉద్యోగంలో చేరాక ఆమె పిలవకుండా వచ్చి నిలబడడం అదే మొదలు.

"సార్, అరవై ఒకటో సూత్రం."

"ఆఁ, అదే" అన్నారు జగదీశ్ గారు జాగ్రత్తగా.

"ఒత్తు గుర్తు మంత్రి హోదా మీద పడాల. రాతిమీద కాలువ అనే మాట మీద పడింది. చదివినోళ్ళకు మంత్రి కంటే కాలువ పెద్దది అన్నట్టుంటాది."

అరవై ఒకటో సూత్రం ఏమిటో జగదీశ్ గారికి తెలియదు. తెలియదని అనడానికి లేదు, ఆయన వ్యాకరణకర్త. "నేనూ అదే అనుకుంటాండా పొద్దుట్నుంచి" అన్నారు.

మద్దిలేటి గారు అదిరిపడ్డారు. "కాలువకంటే తక్కువా? నన్ను పార్టీలోంచి తీసేస్తారప్పా! చెరిపించు!"

రాతి మీద చెరపడమంటే అరగదీయడమే. శిల్పి హులిగప్ప మిషన్ పెట్టి పైపొర తీసి, నునుపు చేసి, మళ్ళీ చెక్కడానికి ఎనిమిది రోజులు అడిగాడు. గురువారం కార్యక్రమం వాయిదాకు మంత్రి గారి పి.ఏ. సరేనన్నాడు. అయితే సార్ ఆ దోవన పోతూ ఎప్పుడైనా ఆగవచ్చు, రెండు గంటల ముందు చెప్తాం, అంతా సిద్ధంగా ఉండాలి అన్నాడు. అంతా అంటే నీళ్ళు కూడా.

కాలువ పారుతూనే ఉంది.

ఎనిమిదో రోజున నేత్ర మళ్ళీ వచ్చి నిలబడింది. మంత్రి పేరు దగ్గర వినయ స్వరం గుర్తు, అధ్యక్షుల పేరు దగ్గర అతి వినయ స్వరం గుర్తు పడ్డాయి. మద్దిలేటి గారు తన పేరు పక్కన ఉన్న గుర్తును కాస్త ప్రేమగా చూసుకుని, నిట్టూర్చి, అరగదీయమన్నారు. ఇంకో ఎనిమిది రోజులు.

ఈలోగా పైన, మోటార్లు ఆగిన చోట, మద్దిలేటి గారి సొంత మడి పసుపు తిరిగింది. ఆయన మేస్త్రీ రోజుకు నాలుగు సార్లు ఫోన్ చేస్తున్నాడు.

"సార్, ఒక్క మోటారు ఏసుకుంటా. ఒక్కటే."

"వొద్దురా! మంత్రి ఏ గడియలో వస్తాడో. నడునుడి వచ్చినాక కాలువ దానంతట అదే పారుతాందని పేపర్లో చెప్పుకుంటి. ఇప్పుడెట్ల ఆపేది?"

మూడోసారి నేత్ర వచ్చి నిలబడేసరికి మద్దిలేటి గారు కూడా ఆ గదిలోనే ఉన్నారు. హచ్చొళ్ళి ప్రజలు సుఖంగా ఉంటారు అని రాతిమీద ఉందని, అది భవిష్యత్కాలమని, మంత్రి గారి కాలాన్ని ప్రజలు వాడినట్టవుతుందని ఆమె చెప్పింది.

మద్దిలేటి గారు ఆమెను పైనుంచి కిందికి చూశారు.

"నీది ఏ ఊరమ్మా?"

"హచ్చొళ్ళి సార్."

"మీకు మడి ఉండాదా?"

"మూడెకరాలు సార్. చివర్న."

నేత్ర ఎదురుగా ఉన్న గోడను చూస్తూ నిలబడింది. కాంట్రాక్టు కాగితం ఆయన సంతకంతోనే నడుస్తుంది.

"చూసినావా జగదీశప్పా!" అన్నారు మద్దిలేటి గారు బల్ల చరిచి. "నడునుడి గ్రామం అని మనం ఊరికే అనలేదు. పిల్లకు భాష రక్తంలోకి ఎక్కింది. అరగదీయించు!"

అధ్యక్షుల ముందు ఒక పిల్ల మూడుసార్లు తప్పు పట్టింది, తాను ఒక్కటీ పట్టలేదు. ఇది జగదీశ్ గారికి కొరుకుడు పడలేదు. ఎనిమిది రోజుల తర్వాత, ఫలకం మళ్ళీ సిద్ధమయ్యాక, నేత్ర ఏమీ అనకముందే ఆయన దానిచుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి తల అడ్డంగా ఊపారు.

"ధ్వని సరిగ్గా లేదు. మొత్తం తీసెయ్యి హులిగప్పా. సరైన వాక్యం నేనే రాసిస్తా."

"ఏం తప్పుండాది సార్?" అన్నాడు హులిగప్ప. "నాకు చెక్కేది ఒకటే, తీసేది ఒకటే. ఊరికే అడుగుతాండా."

"నీకు చెప్పినా అర్థం కాదు."

హులిగప్ప మొత్తం తీసేసి, అద్దంలా మెరుగు పెట్టి, వాక్యం కోసం కూర్చున్నాడు. జగదీశ్ గారు వాక్యం ఆలోచిస్తూ ఐదు రోజులు ఉండిపోయారు. ఆ ఐదు రోజులూ నేత్రకు పనేమీ లేకపోయింది. ఇరవై రోజుల తడి ఎప్పుడో దాటింది. గింజ గట్టిపడింది. హచ్చొళ్ళిలో ఆఖరి మళ్ళలోకి కోత మిషన్ దిగింది. ఉచ్చెంగమ్మ దాని ముందు పరిగెత్తుకుంటూ దారి చూపించింది.

మరునాడు పొద్దున ఏడింటికి పి.ఏ. ఫోన్ చేశాడు. సార్ బయల్దేరారు.

మంత్రి గారి కార్లు పదకొండూ కోత అయిపోయిన కెంచప్ప మడిలో కొయ్యకాళ్ళ మీదే ఆగాయి. పక్క గట్టు మీద వడ్ల బస్తాలు ట్రాక్టర్‌కు ఎక్కుతున్నాయి. మంత్రి గారు చేట అందుకుని నిండు కాలువలో బాగినం వదిలారు. చీర తేలుతూ పోయింది. కెమెరాలు దాని వెంట పరిగెత్తాయి. కెంచప్ప శాలువా మీద వడ్ల దుమ్ముతో ముందు వరుసలో నిలబడి, నేర్పిన స్వరంలో నడునుడిలో స్వాగతం చెప్పాడు. అది స్వాగతం అవునో కాదో చెప్పగలిగినది గుంపులో ఒక్కరే. ఆమె ప్లాస్టిక్ కుర్చీల వెనక పూలదండల బుట్ట పట్టుకుని ఉంది. తండ్రి మాటలు విని తల వంచుకుంది. నవ్వు కనబడకుండా.

"ఏమంటాండాడు?" అన్నారు మంత్రి గారు.

"మీ పాలనను పొగుడుతాండాడు సార్" అన్నారు జగదీశ్ గారు వెంటనే.

మద్దిలేటి గారు మైకు పట్టుకుని, రెండు రాష్ట్రాల మధ్య ఇక గోడ లేదని, సంవత్సరం నుంచి మహా పండితులు చెమటోడ్చి తీర్చిదిద్దిన వాక్యాలు ఈ రాతిలో వెయ్యేళ్ళు నిలుస్తాయని చెప్పారు. హులిగప్ప ఏదో చెప్పబోతే కానిస్టేబుల్ పక్కకు లాగాడు. మంత్రి గారు తాడు లాగారు. పట్టుగుడ్డ జారింది.

నల్లరాయి. ఆరడుగులు. దాని మీద ఏమీ లేదు.

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లో ఆగాయి. మద్దిలేటి గారు జగదీశ్ గారిని చూశారు. జగదీశ్ గారు రాయిని చూశారు.

మంత్రి గారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. రాయి దగ్గరికి జరిగి, నడుం వంచి, పైనుంచి కింది దాకా నింపాదిగా చూశారు. ఎడమ మీసం కొస కిందికి వాలి ఉంటే వేలితో మెల్లగా పైకి తిప్పారు. ముఖం వెలిగింది.

"శానా బాగా చెక్కించినారప్పా" అన్నారు. "అచ్చం నేనే."