ఆయన నొప్పికి ఆవిడ సాక్ష్యం

తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఛాతీనొప్పి చూసే విభాగానికి వెళ్లి, పదకొండుకల్లా తిరిగొచ్చి బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుట్టాలని దర్జీ అనుకున్నాడు. మూడు రోజులుగా ఛాతీకి ఎడమ పక్కన ఏదో పొడుస్తోంది. పైకి ధీమాగానే ఉన్నాడు గానీ, లోపల గుండె మిషన్ సూదిలా ఆడుతోంది.

అక్కడ పద్ధతి బాగానే ఉంది. ముందు నర్సు నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఆ జవాబులను బట్టే పరీక్షలు.

"నొప్పి ఎలా ఉంటుంది?"

"సూదితో పొడిచినట్టు..." అని దర్జీ నోరు తెరిచాడో లేదో, వెంట వచ్చిన భార్య అందుకుంది.

"ఆయనకి సూది తప్ప ఇంకేం తెలుసు సిస్టర్, నేను చెప్తా రాసుకోండి. మెట్లెక్కితే గుండె మీద రోలు పెట్టినట్టుంటుంది. ఎడం చెయ్యి, దవడ లాగేస్తాయి. కాసేపు నిలబడితే సర్దుకుంటుంది."

"నాకలా ఎప్పుడూ..."

"మీరుండండి. నోరు విప్పరు కాబట్టే ఇంతదాకా వచ్చింది."

నర్సు ముఖం మారింది. దర్జీని చక్రాల కుర్చీ ఎక్కించారు. భార్య వెంటనే మరిదికి ఫోను చేసింది. మరిది గోరంతను కొండంత చేసే రకం. "అన్నయ్యను తోసుకెళ్లారు" అన్న మాట షాపు దగ్గరికి చేరేసరికి "అన్నయ్య పోయాడు" అయింది. అరగంటలో ఒక ఖాతాదారు ఏకంగా దర్జీ ఫోనుకే చేశాడు.

"పాపం, మంచి మనిషండీ. పోయేముందు నా ప్యాంటు గుడ్డ ఎక్కడ పెట్టాడో ఏమైనా చెప్పాడా?"

"రెండో అరలో ఉంది" అన్నాడు దర్జీ. ఆ తర్వాత నాడి పట్టి చూస్తే గుర్రంలా పరుగెడుతోంది. దాంతో ఇంకో రెండు పరీక్షలు పెరిగాయి.

ఈసీజీ, రక్తపరీక్ష, నడక మిషన్, ఏది చూసినా గుండె గుండ్రాయిలా ఉంది. వంగి వంగి కుట్టడం వల్ల కండరం పట్టిందంతేనని డాక్టరు తేల్చేశాడు. నర్సు మాత్రం చేతిలో కాగితం వదల్లేదు.

"ఏమండీ, మీరు రోజూ ఎన్ని మెట్లెక్కుతారు?"

"నేనెందుకెక్కుతాను? కింద షాపు, వెనకే ఇల్లు. పైకెళ్లి బట్టలారేసేది ఈవిడేగా."

నర్సు ఆవిడ వైపు తిరిగింది. "దవడ లాగుతుందని మీకెవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలా? నాకు రోజూ ఉండేదే. ఏ జబ్బూ లేని నాకే అంతుంటే, నొప్పో అని మూలుగుతున్న మనిషికి ఇంకెంతుండాలి?"

దర్జీ గతుక్కుమన్నాడు. కుర్చీలోంచి లేచి ఆవిడను కూర్చోబెట్టాడు.

"రోజూనా? నాతో ఒక్క ముక్కయినా అనలేదేంటే?"

"మీరడిగితేగా."

"రాసుకోండి సిస్టర్, ఈవిడకి ఏమౌతుందంటే..."

"మీరు బయట కూర్చోండి. ఆవిడ నొప్పి ఆవిడ చెప్తారు" అని నర్సు తలుపేసింది.

దర్జీ బెంచీ మీద కూర్చున్నాడు, లేచాడు, తలుపుకు చెవి ఆనించాడు, మళ్లీ కూర్చున్నాడు. ఎంతకీ తలుపు తెరుచుకోలేదు. చివరికి నర్సు వచ్చింది.

"ఎలా ఉంది సిస్టర్?"

"గుండె సంగతిలాగే ఉంది. ఇవాళే చూపించడం మంచిదైంది, డాక్టరు వస్తున్నారు. మీరు జరగండి, ఇంకో కాగితం కావాలి."

పెళ్లయిన ఇరవై రెండేళ్లకు ఆవిడ నొప్పి గురించి ఒకరు అడిగారు కదా, ఆవిడ ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉంది.