సింపుల్ ప్రెజెంట్‌లో ఎల్‌కేజీ సీటు

మానవజాతి ఉదయం ఆరింటికి నిద్ర లేస్తుంది, పళ్లు తోముకుంటుంది, గ్లాసుడు పాలు తాగుతుంది, ఆపైన ఆఫీసుకి వెళుతుంది. సింపుల్ ప్రెజెంట్ టెన్స్ చదివిన ప్రతివాడూ ఒప్పుకోవలసిన సత్యమిది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న వాక్యం కూడా వ్యాకరణ పుస్తకంలో అదే పేజీలో ఉంటుంది కాబట్టి రెండింటిదీ ఒకటే హోదా.

మా విజయనగరంలో ఈ సత్యాన్ని అమలు చేసే బాధ్యతని రెండువేల పదహారు వేసవిలో ఒక ఇంగ్లీషు మీడియం బడి నెత్తిన వేసుకుంది. పప్పుల వ్యాపారి నగరేశ్వరరావు గారు తన గొడౌను మీద అంతస్తులు లేపి పెట్టిన బడి అది. ఎల్‌కేజీలో పిల్ల చేరాలంటే తల్లిదండ్రులు సింపుల్ ప్రెజెంట్‌లో పాసవ్వాలి. (పిల్లకి పరీక్ష పెడితే అక్కడే ఏడుస్తుంది. తల్లిదండ్రులైతే ఇంటికెళ్లి ఏడుస్తారు.)

పరీక్ష పెట్టే విజయ్‌కుమార్ గారి హోదా 'వర్తమాన కాల సమన్వయకర్త'. రోజూ గజపతినగరం నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో వెళ్లే నెమ్మదైన మనిషి. మీరు రోజూ ఏం చేస్తారు అన్నదే ఆయన ప్రశ్న. కొట్ల వాళ్లు ఇట్టే పాసైపోయేవారు. కొట్టు తెరుస్తాను, కొట్టు మూస్తాను అంటే చాలు. నెల్లిమర్ల నుంచి వచ్చిన ఒకాయన తన మిల్లు షిఫ్టు వారం వారం మారుతుందన్నాడు. ఆయన్ని పై ఏడాది రమ్మన్నారు. మా అమ్మాయి సీటు కోసం నేను పాలు తాగుతానని చెప్పి పాసయ్యాను. (పాల వాసన నాకు చిన్నప్పటి నుంచీ పడదు.)

ఆ రోజు నా తరవాత, నేనింకా ఫీజు రసీదు కోసం అక్కడే కూర్చుని ఉండగా, పూసపాటిరేగ దగ్గరి పల్లె నుంచి గంగులు, అతని భార్య బుల్లమ్మ వచ్చారు. గంగులు సముద్రం మీద చేపల వేటకెళతాడు, బుల్లమ్మ ఆ చేపలు అమ్ముతుంది. వాళ్ల పిల్ల అరుణశ్రీ మెట్ల మీద రాలిన కందిపప్పు ఏరుకుంటోంది. ఆ పిల్లకి ఈ బడి తప్ప ఇంకో బడి వద్దని బుల్లమ్మ పట్టు. అందుకే నెల్లాళ్లుగా ఊళ్లో చదువుకున్న కుర్రాణ్ణి పెట్టి మొగుడి చేత ఇంగ్లీషు బట్టీ పట్టించింది, పక్కన కూర్చుని తనూ విన్నది.

"ఐ గెటప్ ఎట్ టూ," అన్నాడు గంగులు.

"సిక్స్ అండి," అన్నారు విజయ్‌కుమార్ గారు.

"రెండింటికి లెగిస్తేనే వేట బాబూ. ఆరింటికి లెగిస్తే ఒడ్డునే ఉంటాం."

"పుస్తకంలో రెండింటికి ఎవరూ లేవరండి."

సీటు కోసం గంగులు ఆరింటికి లేచాడు. పాలు తాగాడు. పేపరు కూడా చదివాడు. 'నేను రోజూ చేపలు పడతాను' అన్న వాక్యం దగ్గరికొచ్చి నోరు మూసేశాడు.

"అది సెప్పకూడదు బాబూ."

"అన్నీ చెప్పారు కదా. దీనికేమిటండి కష్టం?"

"పడతాయని ముందే అనేస్తే గంగమ్మతల్లి ఇంటాది. వల కాలీగా వస్తాది. మా తాత అన్లేదు, మా అయ్య అన్లేదు. ఎల్తన్నామని సెప్తాం, అంతే. పడితే వచ్చి సెప్తాం. పైగా ఈ రెండు నెల్లూ గవర్మెంటోల్లు వేట బందు పెట్టారు కదా."

విజయ్‌కుమార్ గారు విషయాన్ని కిందనున్న యాజమాన్యానికి నివేదించారు. నగరేశ్వరరావు గారు పప్పు తూకం ఆపకుండానే రెండు ఉత్తర్వులిచ్చారు. ఒకటి, సముద్రానికి వేసవి సెలవులు సింపుల్ ప్రెజెంట్‌లో చెల్లవు. రెండు, గంగమ్మతల్లికి వినపడకుండా కిటికీలు మూసి చెప్పించవలెను.

కిటికీలు మూశారు. మే నెల. ఆ ఉక్కలో గంగులు తల అడ్డంగా ఊపుతూ కూర్చున్నాడు. "కిటికీలేస్తే ఇనపడదేటి బాబూ తల్లికి?" అని మాత్రం అడిగాడు.

ఇంక తండ్రి తరఫున తల్లి చెప్పవచ్చునని మూడో ఉత్తర్వు వచ్చింది. బుల్లమ్మ ముందుకొచ్చి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"హీ గోస్ టు సీ."

"గుడ్."

"హీ కమ్స్ బ్యాక్."

"వెరీ గుడ్. చివర్న ఎవ్రీ డే అని కలపాలమ్మా."

"అంటే ఏటి బాబూ?"

"రోజూ అని. రోజూ తిరిగొస్తాడని."

బుల్లమ్మ మొగుడి వంక చూసింది. గంగులు నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ కిటికీలు తీయించండి బాబూ," అంది. "ఇది తల్లి ఇనాల."

తీశారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి చివరికి వినపడేలా కేకేసే గొంతుతో ఆవిడ ఆ వాక్యం చెప్పింది. కింద గొడౌనులో తూకం ఆగింది.

విజయ్‌కుమార్ గారు పూర్తి మార్కులు వేశారు. అయితే ఇంత పెద్ద సత్యాన్ని నోటిమాట మీద నమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు కనుక, ఒక హామీపత్రం రాసి చదివి వినిపించారు. తండ్రి రోజూ ఇంటికి తిరిగి వచ్చును. ఒకవేళ రాని పక్షంలో వాక్యం పాస్ట్ టెన్స్‌లోకి మారును గనక, ఆ సంగతి తల్లి మూడు రోజుల్లోగా ఆఫీసుకి తెలియజేయవలెను.

బుల్లమ్మ అంతా విన్నది. కోప్పడలేదు.

"సరే బాబూ, ఏలిముద్ర ఏస్తాను. తమరు గజపతినగరం నుంచి బస్సు మీద వస్తారంట కదా. ముందు తమరు రాయండి, రోజూ ఇంటికెల్తానని. ఆ కిందే నానేస్తాను."

విజయ్‌కుమార్ గారు పెన్ను మూత తీశారు. కాసేపు కాగితం వంక చూసి, మూత మళ్లీ పెట్టేశారు. కింద నుంచి నగరేశ్వరరావు గారిని పిలిపించారు. ఆయనకీ ఆ పెన్ను అందించారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకు బాగులేదన్నారు.

అరుణశ్రీకి సీటిచ్చారు. హామీపత్రం మాత్రం ఆ ఏడు నుంచి అచ్చు వేయించి అందరి చేతా సంతకం పెట్టిస్తున్నారు. అందులో ఒక్క సవరణ జరిగింది: బడి సిబ్బందికి, యాజమాన్యానికి ఇది వర్తించదు.