కాఫీరంగు జరీ

మంగళవారం పొద్దున ఆదెన్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తలకు పోసుకోవాలి, సంగటి తినాలి, క్యాసెట్టును తువాలులో చుట్టుకొని ధర్మవరం స్టేషనుకు పోవాలి, మధ్యాహ్నం బండికి మద్రాసు పోయే గోవిందప్ప చేతిలో పెట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదని ముందురోజే బామ్మర్ది ఎర్రిస్వామితో అన్నాడు.

ఆదెన్న పట్టుచీరలు నేసేవాడు. మగ్గం దిగితే బుల్బుల్ వాయించేవాడు. టైపుమిషనుకున్నట్టు మీటలుండే ఆ వాయిద్యాన్ని ఒడిలో పెట్టుకుంటే అతనికి ఆకలి గుర్తుండేది కాదు. ఎర్రిస్వామిది ముదిగుబ్బ పక్క పల్లె. గొర్రెలు మేపుతాడు. మధ్యాహ్నం బండనీడలో పడుకుంటే అతనికి వచ్చే కలలు మామూలు మనుషులకు రావు. గొర్రెలు మబ్బు మోడాలై ఆకాశంలో మేసేవి. మోడాలు గొర్రెలై ఊళ్లోకొచ్చి తాగడానికి నీళ్ళడిగేవి. చెనిక్కాయ చెట్ల కింద, మట్టిలోపల, కాయకొక దీపం వెలిగేది. లేచి కూర్చొని వాటినే పాటగా పాడేవాడు. గొర్రెలు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి అలవాటు ముదిరింది.

ధర్మవరంలో ఏ ఇంట్లో కూర్చున్నా మగ్గం చప్పుడే. అందుకని బావాబామ్మర్దులు ఎర్రిస్వామి చేలోని ఎండిన బావిలోకి దిగి పాటలు రికార్డు చేశారు. నీళ్ళులేని బావులకు ఆ ఎనభై ఆరో సంవత్సరంలో కొదవ లేదు. అడుగున పాడిన మాట గోడలకు తగిలి ఇంకా నాలుగు మాటలై తిరిగొచ్చేది. గట్టుమీద నిలబడి తొంగిచూసిన గొర్రెల మెడగంటలు కూడా పాటలో పడ్డాయి. అట్లా రెండు వైపులా నిండిన క్యాసెట్టు అది. బస్టాండు ఎదురుగా క్యాసెట్ల అంగడి పెట్టుకున్న గోవిందప్ప దాన్ని మద్రాసు కంపెనీవాళ్ళకు వినిపిస్తానన్నాడు.

ఆదెన్న భార్య తిరుపాలమ్మ మాత్రం ముందే గీత గీసింది. "ఇదే ఆఖరు. ఆ కంపెనీవోళ్ళు వద్దన్నారంటే నీ టకటకల పెట్టెను స్టీలుసామాన్లామెకు ఏసి పాలగిన్నె తీసుకుంటా. మళ్ళా ఇంట్లో పాట అనే మాట ఇనపడగూడదు."

ఆదెన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుంటే ఆ పూట సంగటి ఉండేది కాదు.

తిరుపాలమ్మ బిందెలు తీసుకొని బోరింగు దగ్గరికి పోయింది. ఎర్రిస్వామి గోడకానుకొని, "బావా, పోయేముందు ఒక్కతూరి ఇందాం," అన్నాడు.

"నిన్న ఇంటిమి గదరా."

"నిన్న మన పాట. బండెక్కితే లోకం పాట అయిపోతాది. మనదిగా ఉండంగనే ఒకతూరి ఇందాం."

మాట బాగుంది. ఆదెన్న క్యాసెట్టు వేశాడు. సగం పాట దాకా బాగానే నడిచింది. తరువాత ఎర్రిస్వామి గొంతు దూడ అరిచినట్టు సాగింది, ఆగింది. మూత తీసి చూస్తే టేపురికార్డరు టేపును నములుతూ ఉంది. ఆదెన్న ఇటు లాగాడు. సాయం చేద్దామని ఎర్రిస్వామి అటు లాగాడు. ఇద్దరూ బలమున్నవాళ్ళే. టేపు నాలుగైదు చోట్ల తెగి, కుప్పగా ఒళ్ళో పడింది.

"నువ్వు లాగింటావు," అన్నాడు ఎర్రిస్వామి.

"నేను పట్టుకున్న్యా. లాగింది నువ్వు."

ఇది తేల్చుకోవడానికి సమయం లేదు. తిరుపాలమ్మ వచ్చే వేళయింది. కుప్పను రాట్నం పక్కనున్న పట్టుదారం గంపలో కుక్కి, రేడియో రిపేరతన్ని పిలుచుకొని రావడానికి ఇద్దరూ పరుగెత్తారు. రిపేరంగడికి తాళం వేసి ఉంది. అతను పెళ్ళికి పోయాడని పక్కంగడివాడు చెప్పాడు. ఎవరి పెళ్ళికో కూడా చెప్పబోయాడు గానీ వీళ్ళు వినలేదు.

ఇంతలో తిరుపాలమ్మ బిందెలు దించి, రాట్నం ముందు కూర్చుంది. చేయి పెడితే గంపలో కొత్త సరుకు తగిలింది. బల్లపరుపుగా, సన్నగా, నిగనిగా మెరుస్తూ ఉంది. నేతగాళ్ళ ఇంట్లో మెట్టి ఇన్నేళ్ళు దారం చుట్టిన ఆమెకు అది ఏమిటో క్షణంలో తెలిసిపోయింది. జరీ. సూరత్ కొత్తరకం జరీ ఎక్కడ దొరికినా తనకు తెమ్మని సావుకారు బాలప్ప వారం రోజులుగా చెబుతున్నాడు. మొగుడు దాన్ని ఇట్లా చిక్కుపడేసి పోయాడని తిట్టుకుంటూ, చిక్కు విప్పి, విప్పలేనిచోట కత్తిరించి, దారం చుట్టే కండెలు మూడింటికి చుట్టేసింది. పనిలో ఆమెకు పేరుంది. చుట్టు మీద చుట్టు సమంగా పడింది.

బావాబామ్మర్దులు ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి గంప ఖాళీగా ఉంది.

"సరుకు వస్తే ఒక మాట చెప్పల్ల గదా," అంది తిరుపాలమ్మ. "పట్టు మాదిరి గాదు, సాగతాది. ముడెయ్యబోతే జారతాండాది. తెగిన కొసలు ఊరికే ఒకదానిమింద ఒకటి చుట్టినా. మూడు కండెలు అయినాయి."

ఆదెన్న కండెలు లెక్కపెట్టాడు. "మూడు కండెలంటివి. ఈడ రెండే ఉండాయి."

"బాలప్పన్న వచ్చింటే ఒకటి ఇచ్చినా. సూసి మురిసిపోయినాడు. ఇంత దినానికి కాఫీరంగు జరీ దొరికె అన్న్యాడు."

నిజం చెప్పక తప్పలేదు. ఎర్రిస్వామి చెప్పాడు. తిరుపాలమ్మ అంతా విని, చేతిలోని కండెను కింద పెట్టింది. "నేను గాదు, మీరు దాచిపెట్టి చెడిపినారు," అంది. కానీ లేచి చెప్పులు వేసుకుంది. చుట్టినది తన చెయ్యి. అది ఎవరి పాలైనా పనికిరాకుండా పోవడం ఆమెకు ఇష్టం లేదు.

వీళ్ళు పోయేసరికి బాలప్ప ఇంట్లో కాఫీరంగు జరీ అప్పుడే మగ్గమెక్కింది. నిమ్మపండు రంగు చీరకు జానెడు అంచు కూడా పడింది. బాలప్ప దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసుకుంటున్నాడు.

"అది జరీ గాదు సావుకారన్నా," అన్నాడు ఆదెన్న. "మా పాట."

"పాట నేసిన చీరంటే ఇంగా మంచిదే గదప్పా. మదనపల్లె దాకా నిలవదు సరుకు."

"ఈ మధ్యాహ్నం బండికి పంపల్ల అన్నా. ఇయ్యి."

బాలప్ప కళ్ళు చిన్నవయ్యాయి. "బండికి యాడికి పంపుతాండావు? కంచికా? నాకు తెలీకుండా వేరే సావుకారుతో మాట్లాడుకున్నారా? ఈ జరీ యాడ దొరికిందో చెప్పు, కండె ఇస్తా."

"ఎండిన బాయిలో దొరికింది," అన్నాడు ఎర్రిస్వామి. అబద్ధం కాదు. కానీ దానితో పని ఇంకా చెడింది. బాలప్ప కండెను రొండిన దోపుకున్నాడు. ఏ ఊరి బావో చెబితే గాని తీసేది లేదన్నాడు.

ఆదెన్న బతిమాలాడు. ఎర్రిస్వామి నిజం నిరూపించడానికి పాట ఎత్తుకున్నాడు. మగ్గాలు నేసేవాళ్ళు అటూఇటూ విసిరే నాడెలు ఆపి విన్నారు. బాలప్ప, "గొంతు బాగుండాది, మాట మార్చాకు," అన్నాడు.

తిరుపాలమ్మ అంచునుంచి వేలాడుతున్న టేపు కొసను పట్టుకొని, నాలుకతో వేలు తడిచేసుకొని, బాలప్ప ఇస్త్రీ పంచె మీద నాలుగుసార్లు గట్టిగా రుద్దింది. గోధుమరంగు చార పడింది.

"చీర కట్టినామెకు ఒక చెమట పట్టనీ అన్నా," అంది. "ఒళ్ళంతా ఇట్లయితాది. నీ అంగడి పేరు సెప్పి ఉతుక్కుంటారు."

బాలప్ప పంచె వైపు చూసుకున్నాడు. చీర వైపు చూశాడు. కండెను తనంతట తానే తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తొందరగా ఇప్పుకొని పోండప్పా ఆ దరిద్రాన్ని." అంచు విప్పుతుంటే అందులోని పాట మూరకొక ముక్కయింది.

ఇంటికొచ్చి క్యాసెట్టు మరలు విప్పారు. రాట్నం ముందు తిరుపాలమ్మ కూర్చుంది. ముక్కకు ముక్క చేర్చి, పక్కింటి పిల్ల గోళ్ళరంగుతో అతికించి, ఆరకముందే ఊదుతూ చుట్టింది. ఏ ముక్క తరువాత ఏ ముక్క రావాలో ఆమె అడగలేదు. అడిగినా చెప్పగలిగినవాళ్ళు లేరు.

"అక్కా, ఇది తిరగబడినట్టుండాది సూడు," అన్నాడు ఎర్రిస్వామి.

"దారానికి ముందేంది, వెనకేందిరా? ఎట్ల నేసినా దారం దారమే." పట్టు విషయంలో అది నిజమే. టేపుకు రెండు ముఖాలుంటాయని, పాటంతా ఒక ముఖానికే అంటుకొని ఉంటుందని, ముఖం తిప్పితే పాట కూడా వెనక్కి తిరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆఖరి మర బిగించి ఆదెన్న పరుగెత్తాడు, వెనుకే ఎర్రిస్వామి. బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. గోవిందప్ప కిటికీలోంచి క్యాసెట్టు అందుకొని, వ్యాపారం తెలిసినవాడు కాబట్టి, ఒళ్ళోని చిన్న టేపురికార్డరులో వేశాడు.

మొదట గొర్రెగంటలు వచ్చాయి. మోగి సన్నగిల్లడానికి బదులు ఎక్కడో దూరంలో పుట్టి, ఉబ్బి ఉబ్బి, టక్కున ఆగుతున్నాయి. బుల్బుల్ నీళ్ళలోంచి పైకి తేలుతున్నట్టుంది. ఎర్రిస్వామి గొంతు మోడాల పాట మొదలుపెట్టి, సగంలో దీపాల పాటలోకి జారి, అక్కడినుంచి ఏ దేశపుదో తెలియని భాషలోకి పోయింది. పక్కపెట్టెలో ఆగకుండా ఏడుస్తున్న చంటిబిడ్డ ఊరుకుంది. అది ఎవరూ గమనించలేదు.

"ఏమప్పా ఇది?" అన్నాడు గోవిందప్ప. అంతలోనే బండి కదిలింది. క్యాసెట్టు తిరిగి ఇచ్చేద్దామని అతను చెయ్యి బయటికి చాపాడు కూడా. అందలేదు.

ఎర్రిస్వామి సంగటి కూడా తినకుండా ముదిగుబ్బ బస్సెక్కాడు.

మరునాటి పొద్దున వీధిలో సామాన్లామె కేక వినబడింది. ఆదెన్న ఎవరూ అడగకముందే బుల్బుల్‌ను తుడిచి, గుడ్డ చుట్టి, గడపమీద పెట్టాడు. మాట మాటే. సామాన్లామె గంప దించి, మీటలు రెండు నొక్కి చూసి, పాలగిన్నె తీసింది. తిరుపాలమ్మ లోపలినుంచి వచ్చి గిన్నెను చేతిలో తిప్పి, వేలితో కొట్టి చప్పుడు విన్నది. మంచి గిన్నె. దాన్ని తిరిగి గంపలో పెట్టింది.

"ఇయ్యాల మాకేమీ వద్దు. ఇంగొక దినం రా," అంది.

"నువ్వే గదా..." అని ఆదెన్న ఏదో అనబోయాడు.

"కంపెనీవోళ్ళు వద్దన్న్యాకనే గదా నేను అనింది. వాళ్ళు ఇంగా ఏమీ అనల్యా," అని ఆమె లోపలికి పోయింది. అతికించినది తానే కాబట్టి, ఆ క్యాసెట్టుకు చెడ్డపేరు వస్తే అందులో తనకూ భాగముందని ఆమె లెక్క.

రెండు వారాలకు గోవిందప్ప తిరిగొచ్చాడు. అంగడికి కూడా పోకుండా నేరుగా ఆదెన్న ఇంటికే వచ్చి, మగ్గం గుంత గట్టుమీద కూర్చున్నాడు. ఆదెన్న నేత ఆపలేదు. చెడ్డమాట వినేటప్పుడు చేతులకు పని ఉండటం మంచిదనుకున్నాడు.

"కంపెనీ ఓనరు ఇన్న్యాడప్పా," అన్నాడు గోవిందప్ప. "ఇని కండ్లు మూసుకున్న్యాడు. నిద్రపోయినాడనుకుంటి. మళ్ళా ఏయమన్న్యాడు. మూడోతూరికి పెండ్లాన్ని పిలిపించినాడు. ఆయమ్మ ఇని, కలలో నడిచినట్టుండాదని కుర్చీలోనుంచి లేయల్యా. ఇట్లాంటిది దొరల దేశంలో గదులంత మిషన్లు పెట్టి చేస్తారంట. మీవాళ్ళు ఏ మిషనుతో చేసినారని అడిగినాడు."

"నువ్వేమంటివి?" అంది తిరుపాలమ్మ రాట్నం ఆపి.

"ఏమంటా. ధర్మవరం మిషను అంటి. క్యాసెట్టు అచ్చేస్తాండారు."

ఆదెన్న అప్పుడు నేత ఆపాడు. వానాకాలం రాకముందే క్యాసెట్టు వచ్చింది. పేరు 'మోడాల మంద'. అట్టమీద బుల్బుల్‌తో ఆదెన్న, గొర్రెపిల్లతో ఎర్రిస్వామి. గొర్రెపిల్ల ఫొటో బాగా పడింది. మగ్గాల సందుల్లో అదే పాట. తాడిపత్రి బండలు మోసే లారీలు దాన్ని కర్నూలు దాకా వినిపించుకుంటూ పోయాయి. గుమ్మఘట్ట వైపు కన్నడంవాళ్ళు మనకంటే ఎక్కువ కొన్నారు. వెనక్కి పాడినచోట తెలుగువాళ్ళకూ కన్నడంవాళ్ళకూ అర్థమయ్యేది సమానమే కదా. బిడ్డలు నిద్రపోవడానికి తల్లులు వేశారు. నిద్ర పట్టని ముసలివాళ్ళు ఆ తల్లుల ఇళ్ళ అరుగులమీదికి చేరారు. ముదిగుబ్బ సంతలో ఎర్రిస్వామిని జనం చుట్టుముట్టి, వెనక్కి పాడి చూపించమన్నారు. అతను నవ్వి, దానికి బావి కావాలన్నాడు. సావుకారు బాలప్ప తన ఇంటి మగ్గాల దగ్గర రెండు స్పీకర్లు కట్టి, వచ్చినవాళ్ళందరికీ ఈ పాట మొదట మోగింది మా ఇంట్లోనే అని చెప్పుకున్నాడు.

కంపెనీవాళ్ళు రెండో క్యాసెట్టు అడిగారు. ఈసారి బావాబామ్మర్దులు జాగ్రత్తపడ్డారు. గొర్రెలను దూరంగా తోలి, ఒక్క తప్పు లేకుండా పాడి, టేపు ఎక్కడా నలగకుండా పంపించారు. పదిరోజుల్లో తిరిగొచ్చింది. టేపు ఏదో చెడిపోయినట్టుందని, పాటలన్నీ మామూలుగా వినబడుతున్నాయని గోవిందప్పతో చెప్పి పంపారు.

ఎర్రిస్వామి తల పట్టుకున్నాడు. ఆదెన్న భార్య వైపు చూశాడు. తిరుపాలమ్మ చేతిలోని పట్టు పక్కన పెట్టి, చేతులు కడుక్కొనివచ్చి, రాట్నం ముందు కూర్చొని కత్తెర అడిగింది.

"అక్కా, ఆ రెండో పాట చానా బాగా కుదిరింది," అన్నాడు ఎర్రిస్వామి. "దాన్నొకటి ఇడిసిపెట్టు."

"బాగా కుదిరిందాన్నే గదరా ముందు కొయ్యల్సింది," అంది ఆమె.

ఆ తరువాత వాళ్ళ క్యాసెట్లు ఇంకా చాలా వచ్చాయి. అన్నిటికీ పద్ధతి ఒకటే. ఏ లోపమూ లేకుండా పాడటం వాళ్ళిద్దరి పని, ఏ మొహమాటమూ లేకుండా చెడగొట్టడం తిరుపాలమ్మ పని.